నమ్మిన సాక్షి

ఆ ఎండాకాలం, నా భార్య చెడ్డదని నమ్మే మనిషి కోసం మా ఊళ్లో మూడు వారాలు ఇల్లిల్లూ తిరిగాను. ఒక్కరూ దొరకలేదు.

వినేవాళ్లకు ఇది పిచ్చి పనిలా ఉంటుంది. పరువునష్టం కేసుల సంగతి తెలిసినవాళ్లకు ఉండదు. తాడిపత్రిలో ఆనంద్ సారు అనే వకీలు దగ్గర నేను పందొమ్మిదేళ్లుగా గుమాస్తాను. చదివింది ఏడో తరగతి. పేపర్లో పేరు పడిన నాయకులు, వాట్సాప్‌లో తిట్లు తిన్న సేట్లు, యూట్యూబ్ చానళ్ల చేతికి చిక్కిన డాక్టర్లు, అందరూ ఆయన దగ్గరికే వస్తారు. బార్ రూములో తోటి వకీళ్లు ఆయన్ను వెటకారంగా 'పరువు బారిస్టరు' అంటారు. ఆయన దానికే మురిసిపోతాడు.

ఆ కేసుల్లో ఒక పద్ధతి ఉంది. నా పరువు పోయిందని నేను ఏడిస్తే సరిపోదు. పక్కవాడు బోనెక్కి, "ఆ వార్త చూశాను, నమ్మాను, అప్పటినుంచి ఈ మనిషి మీద నాకు గౌరవం పోయింది" అని ప్రమాణం చేసి చెప్పాలి. అట్లాంటివాళ్లు ఒకరిద్దరైనా లేకుంటే కేసు నిలబడదు. "నేను నమ్మలేదండీ, ఆయన దేవుడు" అనేవాడు స్నేహితుడే కావచ్చు, కేసుకు మాత్రం దండగ. నమ్మిన సాక్షులను వెతికి పట్టుకుని, మాట నేర్పి, బోనెక్కించడం నా పని. ఈ పనిలో నన్ను మించినవాడు లేడని సారే పది మందిలో చెబుతాడు.

మాది యాడికి దగ్గర పల్లె. నా భార్య మల్లీశ్వరి ఉపాధి పనిలో మేటు. నలభై మంది కూలీలకు కొలత చూపించి, రోజుకు రెండుసార్లు వాళ్ల ఫోటో తీసి ఫోనులో హాజరు పంపాలి. ఆ ఏడు పని పడింది గుట్ట వెనక, ఫారంపాండ్లు, అంటే పొలాల్లో నీటి గుంటల తవ్వకం. అక్కడ సిగ్నల్ రాదు. గుట్ట ఎక్కితే వస్తుంది. హాజరు పోకపోతే నలభై మంది ఆ రోజు ఎండలో ఊరికే తవ్వినట్టు. కొలతలకు వచ్చే టెక్నికల్ అసిస్టెంటు తిప్పేష్ బండి ఉన్న రోజుల్లో, ఆమె ఆ బండి వెనక కూర్చుని గుట్ట మీదికి పోయేది.

కిరణ్ అనేవాడు మెడలో కార్డు వేసుకుని సొంతంగా ఒక యూట్యూబ్ చానల్ నడుపుతాడు. వాళ్ల వదిన పనికి రాకపోయినా హాజరు వెయ్యమని మల్లీశ్వరిని అడిగాడు. ఆమె వెయ్యలేదు. వాడు ఆ బండి గుట్ట ఎక్కుతుంటే కింద నుంచి తీసి, 'గుట్ట మీద హాజరు' అని పేరు పెట్టి, వెనక ఒక పాట తగిలించి వదిలాడు. దొంగ హాజర్లన్నాడు. ఇద్దరూ పైన ఎంతసేపు ఉంటారో చూడండి అన్నాడు. మా ఊరి పేరు చెప్పాడు, ఆమె పేరు చెప్పాడు.

సాయంత్రం ఆమె పని నుంచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా నా ముందు నిలబడింది.

"సూసినావా?"

"సూసినా."

"మీ సారుతో కేసు ఏయించు. విచారణ జేస్తామని మండలం ఆఫీసులో అంటాండారు. నన్ను మేటుగా తీసేస్తే తీసేయనీ, గంప మోసుకుంటా. వాడు పేరు పెట్టి అన్నాడే, దానికి ఊరికే ఉండేది లేదు."

"ఏద్దాంలే," అన్నాను.

నువ్వు నమ్మినావా అని ఆమె అడగలేదు. అడగాల్సిన మాట ఒకటుందని ఆమెకు తోచలేదు.

సారు వకాలత్ మీద ఆమె సంతకం తీసుకుంటూ, "ఫీజు మాటెత్తితే చెప్పుతో కొడతా కుళ్లాయప్పా. మల్లీశ్వరి నాకు చెల్లెలు," అన్నాడు. ఆమె బయటికి పోయాక గొంతు తగ్గించాడు. "సాక్షులు కావల్ల. నమ్మినోళ్లు. సెలవులకు కోర్టు మూసేలోపల వాంగ్మూలాలు ఐపోవల్ల. మీ ఊర్లో నీకేం కష్టమప్పా, ఆడోళ్ల మీద చెడు నమ్మేదానికి మనిషి దొరకని ఊరు యాడన్నా ఉంటాదా?"

ఉంటుందని నాకూ అప్పుడే తెలిసింది.

మొదట తిమ్మమ్మ దగ్గరికి పోయాను. మల్లీశ్వరి గుంపులో అందరికన్నా పెద్దది, ఆమె మాటకు మిగతా ఆడవాళ్లు ఎదురు చెప్పరు. విత్తనానికి సెనక్కాయలు ఒలుస్తూ నలుగురైదుగురు ఆమె వాకిట్లో కూర్చుని ఉన్నారు.

"పెద్దమ్మా, ఆ వీడియో సూసినావా?"

"సూసినా. మా కోడలు సూపిచ్చింది."

"సూసినాక మల్లీశ్వరి గురించి ఏమనిపిచ్చింది?"

"ఏమనిపిస్తాది? ఎండకు శానా నల్లగైపోయింది పాపం అనిపిచ్చింది."

ఆడవాళ్లు నవ్వారు. నేను కేసు సంగతి వివరంగా చెప్పాను. నమ్మినానని కోర్టులో ఒక్క మాట అంటే చాలు, గెలుస్తాం, ఆమె పని నిలబడుతుంది అన్నాను. తిమ్మమ్మ చేతిలో కాయ పక్కన పెట్టింది.

"నీ పెండ్లాము రంకుదని నేను నమ్మితే ఆ పిల్ల పేరు నిలబడతాదా?"

"నిలబడతాది పెద్దమ్మా. చట్టం అట్లుండాది."

"మీ కోర్టులో అన్నం తింటారా, ఇంగేమన్నానా? నమ్మందాన్ని నమ్మినానని దేవుని మీద ఎట్ల ఒట్టేసేది? నా వల్ల కాదు, ఇంగో ఇల్లు సూసుకో."

వెనక కూర్చున్న ఒకామె కాయ పగలగొడుతూ అంది, "యాల తిరుగుతావు కుళ్లాయప్పన్నా. నువ్వే నమ్ముకో పో. బస్సు చార్జి కూడా మిగుల్తాది."

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. నేనూ నవ్వాను.

మగవాళ్లు ఇంకా అన్యాయం. నేను రాకముందు టీ అంగడి దగ్గర ఆ వీడియో పెట్టుకుని పగలబడినవాళ్లే, నేను పోయి నిలబడగానే ఫోను జేబులో వేసుకుని "వదిన బంగారం అన్నా" అన్నారు. నమ్మినవాడు ఒప్పుకోడు, నమ్మనివాడు అబద్ధమాడడు. పందొమ్మిదేళ్లలో ఇట్లాంటి పల్లెను నేను చూడలేదు. ఊరు మంచిదైనందుకు నాకు ఒళ్లు మండింది.

ఏప్రిల్ రెండో వారంలో సారు విసుక్కున్నాడు. "దొరకలేదంటే ఎట్లప్పా. ఇంగ నువ్వే ఉండావు గదా."

"మొగుని సాక్ష్యం బరువుండదు గదా సార్."

"యాల ఉండదు? కట్టుకున్నోడే నమ్మినాడంటే ఇంగ పరువు యాడ మిగిల్నట్ల? అంతకు మించిన నష్టం ఏముంటాది? రాయి, నీ వాంగ్మూలం నువ్వే రాసుకో, నేను సూస్తా."

ఆ మాట ఇంట్లో చెప్పడానికి జంకాను. మల్లీశ్వరి సంగటి కెలుకుతూనే వింది.

"కేసు కోసమే గదా. చెప్పు. నేను ఆడ నవ్వకుండ కూర్చుంటాలే," అంది.

వాంగ్మూలం నాలుగు వాక్యాలు. వీడియో చూశాను. నమ్మాను. నా భార్య మీద గౌరవం పోయింది. తర్వాత విచారించగా అది అబద్ధమని తెలిసింది. బస్సులో ఇద్దరం దాన్ని రెండుసార్లు అప్పజెప్పుకున్నాం. నేను తడబడితే ఆమె అందించింది.

కోర్టులో ముందు ఆమె చెప్పింది. గుట్ట, సిగ్నల్, కిరణ్ వదిన హాజరు, అన్నీ ఒక్క మాట తప్పకుండా చెప్పి, వెనక బెంచి మీద ఒళ్లో టిఫిన్ గిన్నె పెట్టుకుని కూర్చుంది. తర్వాత నన్ను పిలిచారు. మొదటి మూడు వాక్యాలు చెప్పాను. బెంచి క్లర్కు టైపు కొడుతున్నాడు. మేజిస్ట్రేటు చిన్న వయసు ఆమె. కాగితాల నుంచి తలెత్తి చూసింది.

"మీరు ఫిర్యాది భర్త. పైగా వకీలు గుమాస్తా. కేసు కోసం చెబుతున్నారో, నిజంగా నమ్మారో నాకెట్లా తెలుస్తుంది? నమ్మి ఏం చేశారు?"

సాక్షులకు నేను వెయ్యిసార్లు చెప్పిన మాట ఒకటుంది. అడిగితే వివరం చెప్పండి, వివరం లేని సాక్ష్యం గాలికి పోతుంది అని. మేడమ్ ముఖంలో నాకు అనుమానం కనిపించింది. కేసు జారిపోతోందని అనిపించింది.

"మర్నాడు తాడిపత్రికి పోతాండానని చెప్పి పోలేదు మేడమ్," అన్నాను. "గుట్ట కాడ జిల్లేడు చెట్ల ఎనక కూర్చున్నా."

"ఒక్కరోజా?"

"మూడు దినాలు. బండి ఎక్కిన టైము, దిగిన టైము ఫోన్లో రాసుకున్నా. ఒకతూరి పదకొండు నిమిషాలు, ఒకతూరి ఇరవై మూడు. ఆమె కట్టిచ్చిన సద్ది ఆడనే కూర్చోని తిన్నా."

బెంచి క్లర్కు వేళ్లు ఒక క్షణం ఆగి, మళ్లీ కదిలాయి.

"ఇంకా?"

"ఆమె నీళ్లు పోసుకునేకి పోయినప్పుడు ఫోను తీసి సూసినా. తిప్పేష్‌కి ఎన్నిసార్లు చేసిందో సూసినా. విడిసిన చీర..."

"చెప్పండి."

"విడిసిన చీర వాసన సూసినా మేడమ్."

కోర్టు హాలులో ఎవరో దగ్గారు. "వాసన చూశాను అని కొట్టమంటారా?" అని బెంచి క్లర్కు అడిగాడు. కొట్టమన్నట్టు ఆమె తలూపింది. ఇక చాలని నాకు సైగ చేసింది. నేను సంతకం పెట్టి దిగాను. నాలుగో వాక్యం చెప్పలేదని దిగిన తర్వాత తెలిసింది. మరిచిపోయానని సారుతో అన్నాను. మరిచిపోయే ఉంటాను.

మల్లీశ్వరి నవ్వకుండానే కూర్చుంది. వేళ్లు మడుస్తూ ఏవో రోజులు లెక్కపెట్టుకుంటోంది.

వరండాలో సారు నా భుజం మీద కొట్టాడు. "ఏం చెప్పినావప్పా. చీర వాసన. నా సర్వీసులో ఇట్లాంటి సాక్షిని సూడలేదు. వానికి నోటీసు పోవడం ఖాయం." ఆమె మాకు రెండు అడుగుల దూరంలో ఉంది. టిఫిన్ గిన్నె నా చేతిలో పెట్టి, "తిను, బస్సుకు టైముండాది," అంది. తను తినలేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. రాయలచెరువు దాటాక, బయటికి చూస్తూనే అడిగింది.

"మూడో దినం దిగేటప్పుడు బండ మీద జారి పడినా. మోకాలు దోక్కుపోయింది. తిప్పేష్ బండి కాడికి పోయినాడు, నన్ను సూడలేదు. శానాసేపు లెయ్యలేకపోయినా. నువ్వు సూసినావా?"

"సూసినా," అన్నాను.

ఆమె చీర అంచు మోకాలి మీదికి లాక్కుంది.

కిరణ్‌కు నోటీసు పోయింది. వాడు సెలవులకు ముందే ఒక వకీలును పెట్టుకుని వాంగ్మూలాల నకలు తీసుకున్నాడు. మే మొదటి వారంలో రెండో వీడియో వచ్చింది. ఈసారి పాట లేదు, గుట్ట లేదు. వాడు కుర్చీలో కూర్చుని, కోర్టు ముద్ర ఉన్న కాగితం చూపించి, నేను చెప్పింది చెప్పినట్టు చదివాడు. జిల్లేడు చెట్లు, పదకొండు నిమిషాలు, ఇరవై మూడు నిమిషాలు, సద్ది, చీర. చివర కాగితం మడిచి, "ఇది అబద్ధమని భర్త ఎక్కడా చెప్పలేదు, మీరే చూడండి," అన్నాడు. ఆ మాటా నిజమే.

మర్నాడు పని దగ్గర తిమ్మమ్మే మొదట మాట్లాడిందట. "వాడు దేవుని మీద ఒట్టేసి చెప్పినాడంట గదమ్మా. తాళి కట్టినోనికి తెలిసినట్ల మాకేం తెలుస్తాది." వారం లోపల నలభై మందిలో ముప్పై నాలుగు మంది ఇంకొకామె మేటు కావాలని కాగితం మీద వేలిముద్రలు, సంతకాలు పెట్టారు. మండలం ఆఫీసులో విచారణ అవసరం కూడా రాలేదు.

నేను సారు ఇంటికి పరిగెత్తాను. "ఇంగో కేసు ఏద్దాం సార్ వాని మీద."

ఆయన మామిడిపండు కోసుకుంటూ నా వైపు వింతగా చూశాడు. "ఏం కేసు? కోర్టులో నువ్వు చెప్పింది ఉన్నదున్నట్ల చదివినాడు. దానికి మినహాయింపు ఉండాది. నీకు తెలీదా కుళ్లాయప్పా?"

నాకు తెలుసు. ఆ మినహాయింపు చూపించి ఎంతమంది పేపరోళ్లను ఆయన బయటేయించాడో, ఆ కాగితాలన్నీ మోసింది నేనే. బోనులో ఉన్నప్పుడు నాకు గుమాస్తా పని ఒక్కటే గుర్తుంది, అందులో సగమే గుర్తుంది.

"బాధపడొద్దు," అన్నాడు సారు, ముక్క నోట్లో వేసుకుంటూ. "ఒకటి మంచిదైంది. ఇప్పుడు నమ్మినోళ్లు ఊరంతా ఉండారు. ఆ ముసలామెను తే, తిమ్మమ్మనో ఎవురో."

నేను పోయి అడిగాను కూడా. తిమ్మమ్మ ఒక్క నిమిషం నా ముఖంలోకి చూసింది.

"ఇప్పుడైతే చెప్తా లేరా," అంది. "ఇప్పుడు నమ్మినా గదా."

సాక్షుల జాబితాలో ఆమె పేరు రాసుకున్నాను.

అనంతపురంలో హాస్టల్లో ఉండి చదువుకునే మా కూతురు ఆశ్రిత ఆ రోజే ఫోను చేసింది. ఎప్పుడూ వాళ్లమ్మకే చేసేది.

"నాయనా, కోర్టులో నువ్వు చెప్పిండేది కేసు కోసమా, నిజమా?"

"కేసు కోసమే పాపా."

"అమ్మ నిజమంటాంది."

"మీయమ్మకేం తెలుసు."

"దెబ్బ తగిలిన దినం సరిపోయిందంట," అని పెట్టేసింది. ఆ తర్వాత ఆ పిల్ల నాకు ఫోను చేయలేదు.

మల్లీశ్వరి ఎనిమిది రోజులు గంప మోసింది. కొత్త మేటు ఆమెను అందరికన్నా చివర నిలబెట్టి ఫోటో తీసేదట. తొమ్మిదో రోజు పొద్దున, విడపనకల్లులో వాళ్లక్క ఇంటికి పోతున్నానని చెప్పింది. ఎన్నాళ్లకు వస్తావని నేను అడగలేదు. కోర్టు తెరిచే తారీఖు మాత్రం చెప్పాను.

"వాయిదాకు రావల్ల. ఫిర్యాది నువ్వు. నువ్వు రాకుంటే కొట్టేస్తారు. కేసు మన చేతిలోనే ఉండాది మల్లీశ్వరీ, వాడు లోపలికి పోతాడు."

ఆమె సంచి భుజానికి తగిలించుకుంది.

"వాడు అబద్ధం జెప్పినాడని కేసు ఏసినా," అంది. "వాన్ని లోపలేసినాక నేను ఏ ఇంటికి రావల్ల?"

జూన్‌లో వాయిదాకు ఆమె పేరు మూడుసార్లు పిలిచారు. బంట్రోతు నాకు తెలిసినవాడే, నా వైపు చూస్తూ మూడోసారి కాస్త మెల్లగా పిలిచాడు. కిరణ్ కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. ఫిర్యాది రానందున కేసు కొట్టివేశారు. వాడు బయటికి వస్తూ నాకు దండం పెట్టాడు. వెటకారం కూడా కాదు, మర్యాదగానే పెట్టాడు.

ఇది జరిగి రెండేళ్లు. మల్లీశ్వరి విడపనకల్లులోనే ఉంది, మిరప చేలల్లో పనికి పోతోందని విన్నాను. నేను సారు దగ్గరే ఉన్నాను. నా వాంగ్మూలం ఆఫీసులో ఒక నమూనా కాగితం అయింది. పేర్లు తీసేసి, ఖాళీలు పెట్టి, కంప్యూటరులో దాచారు. భర్త సాక్ష్యం కావలసిన కేసు వస్తే, "ఆ జిల్లేడు చెట్లది తియ్యి," అంటాడు సారు. చెట్ల బదులు మోటారు షెడ్డో, మేడ మెట్లో పెడతాం. నాలుగో వాక్యం మరిచిపోకుండా దాన్ని లావు అక్షరాల్లో వేయించాను.

పోయిన నెల ధర్మవరం నుంచి బయ్యన్న అని పట్టుచీరల వ్యాపారి వచ్చాడు. ఆయన భార్య మీద ఎవడో వాట్సాప్‌లో చెత్త మాటలు పెట్టాడు. ఊళ్లో ఎవరిని అడిగినా మేము నమ్మలేదంటున్నారని తల పట్టుకున్నాడు. సారు నా వైపు చూసి నవ్వాడు. నేను కాగితం తీసి ఆయన ముందు పెట్టాను.

బయ్యన్న రెండుసార్లు చదివాడు. అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇవన్నీ నేను చెయ్యలేదే అన్నా."

"ఏదన్నా చేసింటావు, గుర్తు తెచ్చుకో," అన్నాను. "అది రాద్దాం."

ఆయన బల్ల మీద వేలితో గీతలు గీశాడు. తర్వాత సారుకు వినపడకుండా నా వైపు వంగాడు.

"ఒక దినం సందులో నిలబడి సూసినా. మా యామె ఆ దినం ఆడ కోర్టులో ఉంటాదా?"

"ఉంటాది. ఫిర్యాది ఆమే గదా."

"మరి ఇదంతా ఇంటాది గదన్నా."

"ఇంటాది," అని, పెన్ను మూత తీసి ఆయన చేతికిచ్చాను. "ఏ సందు?"